వెనక్కి పరిగెత్తినవాడి కాలు

ముందు గరగరమనే శబ్దం. ఆరిన ప్లాస్టర్ మీద ఆకురాయి నడిచే శబ్దం. ఆ తర్వాత తెల్లటి పొడి గుమ్మం దాటి ఎండలోకి తేలివస్తుంది. ఆ పొడి వెనకాల మనిషి. కనుబొమలు, చెవులు, చొక్కా బొత్తాలు అన్నీ తెల్లబడి, కళ్ళు మాత్రం ఎర్రగా. అందరూ ఆయన్ని కాళ్ళ మేస్త్రి అంటారు.

ఒకప్పుడు తలుపులు చేసేవాడు. యుద్ధంలో తలుపులు పోయాయి, తర్వాత మనుషుల కాళ్ళు పోయాయి; ఆయన పెట్టుడు కాళ్ళు చేయడం మొదలుపెట్టాడు. యుద్ధం ఆగి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు రెండు పక్షాల మగవాళ్ళూ ఆయన వరండాలో ఒకే బల్ల మీద కూర్చుంటారు.

"ఈసారి కాస్త పొడుగు కాలు పెట్టు మేస్త్రీ, మా ఆవిడ నాకంటే పొడుగు," అంటాడొకడు.

"నీకు పెట్టాల్సింది కాలు కాదురా, నిచ్చెన," అంటాడు పక్కవాడు.

బల్ల మీద ఉన్నంతసేపూ అందరూ మహా మగాళ్ళే.

లోపలి గది సంగతి వేరు. కొత్త కాలికి అచ్చు తీయడానికి, మోకాలి కింద మిగిలిన భాగానికి తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టాక పది నిమిషాలు కదలకూడదు. గట్టిపడుతూ ప్లాస్టర్ వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనానికి ఏమవుతుందో ఏమో, గొంతులో ఏళ్ళుగా గడ్డకట్టినది కరిగి కారుతుంది. మేస్త్రి మాట్లాడడు. వింటాడు. తర్వాత కవితగా రాసుకుంటాడు, పేరు లేకుండా. కాలు తొడిగే రోజున ఆ మనిషికే చదివి వినిపిస్తాడు. "అవును, ఇదే," అంటే ఉంచుతాడు. తల అడ్డంగా ఊపితే అక్కడే చింపేస్తాడు.

యుద్ధానికి ముందు బస్సు నడిపిన డ్రైవరు ఒకడు "ఇదే బాబాయ్," అన్న కవిత నాలుగు పంక్తులు:

నేల పేలినప్పుడు
నేను పరిగెత్తుతున్నాను,
ముందుకు కాదు, వెనక్కి.
ఎవరి కోసమూ కాదు, నా కోసం.

గాయపడ్డవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు ఒకప్పటి దళనాయకుడు. పెద్దన్న అంటారు. ఈ కవితల్ని పుస్తకం వేయిస్తానని నోటుబుక్కు పట్టుకెళ్ళాడు. అచ్చుకు పంపే ముందు కాగితం పట్టుకుని వచ్చాడు. అప్పుడు మేస్త్రి చేతులు మోచేతుల దాకా ప్లాస్టర్‌లో ఉన్నాయి.

"ఒక్క మాట మార్చాను మేస్త్రీ. పిల్లలు చదివే పుస్తకం కదా. 'ముందుకు, ఇంకా ముందుకు. నా కోసం కాదు, మీ కోసం.' బాగుందా?"

తడి ప్లాస్టర్ గట్టిపడకుండా ఆగదు. మేస్త్రి తలెత్తకుండా "సరే, కానియ్," అన్నాడు. తొందర ఒక్కటే కారణమైతే ఆయన తనని తాను ఎప్పుడో క్షమించుకునేవాడు. ఆ మార్చిన పంక్తి చెవికి ఇంపుగా తగిలింది. అదీ ఆయన్ని ఇప్పటికీ కాల్చుకు తింటున్నది.

ఆవిష్కరణ రోజున పెద్దన్న ఆ కవిత మైకులో చదివి, అది ఎవరిదో పోల్చుకుని, ముందు వరసలో ఉన్న డ్రైవరు వైపు చెయ్యి చాపాడు. "ఇదీ మగతనమంటే. లేచి నిలబడు తమ్ముడూ." చప్పట్లు మోగుతుండగా డ్రైవరు లేచాడు, బయటికి నడిచాడు. మర్నాడు పొద్దున మేస్త్రి తలుపు తీసేసరికి గుమ్మం పక్కన కాలు ఒక్కటే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ఆ సోమవారం డ్రైవరు మళ్ళీ బస్సెక్కాలి. తొమ్మిదేళ్ళకి దొరికిన ఉద్యోగం. రాకపోతే ఆ సీటు ఇంకొకరిది.

మేస్త్రి కాలు చంకన పెట్టుకుని అతని ఇంటికి వెళ్ళాడు. డ్రైవరు భార్య కుర్చీ వేసి, "నిన్నట్నించీ గోడకి తిరిగి పడుకున్నాడు మావయ్యా. మీరైనా చెప్పండి," అంది.

"ఒరేయ్, లే. తొడుక్కో."

"అది ముందుకు పరిగెత్తినవాడి కాలు. వాడికే ఇవ్వండి."

మేస్త్రి కాలు మళ్ళీ చంకలోకి లాక్కున్నాడు.

"దీనికి కూడా చెప్పని మాట మీకు చెప్పాను బాబాయ్," అన్నాడు డ్రైవరు, భార్యని చూపిస్తూ. "మీకే సిగ్గేసింది. దిద్దారు."

మేస్త్రి అక్కణ్ణించి నేరుగా సంఘం ఆఫీసుకి నడిచాడు. దారిలో ఎవరో పలకరిస్తే వినిపించలేదు.

"భయపడ్డామని అచ్చేస్తే చచ్చిపోయినవాళ్ళ మొహాలు ఎలా చూస్తాం?" అన్నాడు పెద్దన్న.

"చచ్చిపోయినవాళ్ళు నీ పుస్తకం చదవరు. బతికున్నవాడు మంచం దిగడం లేదు. నీ కాలు కూడా నేనే చేశాను. లోపలి గదిలో నువ్వేం చెప్పావో నాకు గుర్తుంది."

పెద్దన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రి ఆ మాట అక్కడితో ఆపాడు. కానీ అన్నాడు. పుస్తకంలో మాట మార్చడం ఒక నేరమైతే, లోపలి గదిలో విన్నదాంతో బెదిరించడం రెండోది. ఇంటికెళ్ళి చేతులు ఎంత తోమినా తెలుపు వదల్లేదు.

శనివారం మళ్ళీ డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు. "రేపు సంఘం వాళ్ళ ముందు నువ్వు చెప్పింది చెప్పినట్టు చదువుతాను. నువ్వు వద్దంటే చదవను."

డ్రైవరు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "చదివితే నా ఎదురుగా చదవండి."

ఆదివారం అతను చంకకర్రల మీద వచ్చాడు. ముప్ఫై మంది మగవాళ్ళ ముందు మేస్త్రి నిలబడి, "మార్చడానికి ఒప్పుకున్నది నేను. ఈ కవిత చెప్పినవాడు కాదు," అన్నాడు. నాలుగు పంక్తులూ చదివాడు. కవిత ఒక ప్రార్థనలా కాదు, విసిరిన రాయిలా పడింది. పెద్దన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వెనక వరసలోంచి ఒకడు, "ఈ డ్రైవరుకి బస్సిస్తే రివర్సులో నడుపుతాడేమో," అన్నాడు.

"రివర్సు గేరు లేని బస్సు నువ్వెక్కు," అన్నాడు డ్రైవరు.

కొందరు నవ్వారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒక ముసలాయన మాత్రం తల వంచుకుని తన చెక్కకాలి పట్టీ విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ ఉండిపోయాడు.

సోమవారం పొద్దున డ్రైవరు వర్క్‌షాపుకి వచ్చి బల్ల మీద కూర్చుని కాలు చాపాడు. మేస్త్రి తొడిగాడు. ఎనిమిదింటికి బస్సు ఆ వీధిలోంచే వెళ్ళింది. హారన్ కొట్టలేదు.

ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషి, కథ సుఖంగా ముగిసిందన్న ధీమాతో కాగితాలు సర్దుకుంటుంటే, మేస్త్రి ఆకురాయి దించి ఎర్రటి కళ్ళతో చూశాడు.

"వాడు బస్సెక్కాడని రాయండి. నన్ను క్షమించాడని రాయకండి. వాడు ఆ మాట అనలేదు. కాలు సరిపోయిందన్నాడు, అంతే."