సాదలి గుట్ట వెనక పడిన నిప్పు

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం మా కెంచార్లహళ్ళి మీదుగా పెద్ద నిప్పుముద్ద పోయింది. మా అవ్వ పక్కింట్లో కాన్పు చేస్తోంది. పుట్టింటికి వచ్చిన పక్కింటి అక్కకు అదే తొలికాన్పు. వాకిట్లో నీళ్ళు కాగబెడుతున్న నాకు ఉన్నట్టుండి నా నీడ గోడ మీద పరుగెత్తడం కనిపించింది. తలెత్తేసరికి ఆకుపచ్చ వెలుగు చెరువుకట్ట వెనక్కి దిగిపోయింది. కాసేపటికి ఉరిమినట్టు చప్పుడు. ఆ వెంటనే లోపల పసిబిడ్డ ఏడుపు.

ఆడపిల్ల. తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట, ఆ నిప్పు ఈ బిడ్డ కోసమే రాలిందని, ఇంటికి కీడని.

మూడో రోజు సాదలి నుంచి అక్క అత్త వచ్చింది. కోడలిని పంపితే చాలు, బిడ్డ వద్దంది. అక్క వాళ్ళ నాయన తల వంచుకున్నాడు. మా అవ్వ మాత్రం ఆమె ఎదురుగా పోయి కూర్చుంది.

"నువ్వు సూసినావామ్మా ఆ నిప్పును?"

"సూడకేమి! మా ఊరి గుట్ట ఎనకాలే పడింది."

"మాకు మా చెరువుకట్ట ఎనకాల పడినట్టుండె. మీ గుట్ట ఎనక పడిన నిప్పుకి మా బిడ్డ మీద యాల నింద ఏస్తాండారు?"

అయినా ఆమె పట్టు వదల్లేదు. అప్పుడు, పెద్దల ముందు ఎన్నడూ నోరెత్తని అక్క, బిడ్డను ఎత్తుకుని గడపలోకి వచ్చింది.

"బిడ్డ లేకుండా నేను రాను. మీ కొడుక్కి చెప్పండి."

అత్త మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయింది. చాలా రోజులు మా వీధి ఆడవాళ్ళెవరూ ఆ బిడ్డను చూడటానికి రాలేదు. నెల నిండాక మా అవ్వ రోజూ సాయంత్రం బిడ్డను ఒళ్ళో వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా వీధి అరుగు మీద కూర్చునేది. మూడో నెలలో అక్క భర్త తానే బస్సు దిగి వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాడు. అత్త మాత్రం ఏడాది దాకా మనవరాలిని ఎత్తుకోలేదట.

పెళ్ళయ్యాక నా మీదా నిందలు వచ్చాయి, నా కూతురి మీదా వచ్చాయి. వేసినవాళ్ళ ఎదురుగా కూర్చుని, నువ్వు కళ్ళారా చూసిందేమిటో ముందు చెప్పమని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ.