అత్తమ్మ నాటిన రణపాల

మా మేనత్త తొర్రూరు నుంచి కాశిబుగ్గలోని మా ఇంటికి వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్లు. యుద్ధం జరుగుతున్న రోజులవి. నూలు సరిగా దొరక్క నాన్న మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. ఆమె నాన్నకు అక్క. నాలుగేళ్ల ఒక్కగానొక్క కూతురు మశూచితో చనిపోయాక, భర్త ఆమెను తమ్ముడింట్లో దింపి వెళ్లాడు. మళ్లీ వచ్చి తీసుకుపోతానన్నాడు గానీ రాలేదు.

ఆమె తెచ్చుకున్నది ఒక బట్టల మూట, కొంగు ముడిలో ఒక మందపాటి ఆకు. మరునాడు పొద్దున్నే పగిలిన రంగు కుండలో ఇంత మట్టి వేసి, ఆ ఆకును దాని మీద పడుకోబెట్టింది. పాతలేదు, పైన పెట్టిందంతే. కొన్నాళ్లకు ఆకు అంచు నొక్కుల్లోంచి పెసరగింజంత మొక్కలు వరుసగా లేచాయి. నేను సంబరపడి చెంబుతో నీళ్లు తెస్తే ఆపింది.

"వద్దు బిడ్డా. రణపాలకు దూప గాదు. ఎక్కువ పోస్తే కుళ్లిపోతది."

ఏడాది తిరిగేసరికి గోడ వెంబడి ఏడు కుండలయ్యాయి. ఆ ఎండాకాలం మా బావిలో చేద వేస్తే బురదే వచ్చేది. పెరట్లో బీరపాదు మాడింది, తులసి కూడా ఎండింది. రణపాల మాత్రం ఆకుల్లో నీళ్లు దాచుకుని పచ్చగా నిలబడింది. అత్తమ్మ ఆ కుండల పక్కనే రాట్నం వేసుకుని కండెలు చుట్టేది. పెదాలు కదులుతుండేవి. పాట పాడుకుంటోందనుకునేదాన్ని.

ఒకరోజు దగ్గరికి వెళ్తే వినిపించింది. "బువ్వ తిన్నవా? ఎండల తిరగకు."

నన్నే అడిగిందనుకుని "తిన్న అత్తమ్మా" అన్నాను. ఆమె ఉలిక్కిపడింది. రాట్నం ఆపి, తనే చెప్పింది.

"మా పిల్లను బొంద పెట్టినకాడ మొలిచింది ఇది. ఎవ్వరు నాటలే. ఆ మట్టిల అదే లేశింది. అందుకే ఒక ఆకు తెచ్చుకున్న. మీ అవ్వకు చెప్పకు."

అమ్మకు చెప్పనన్నాను. కానీ ఆనాటి నుంచి ఆ కుండల ముందు నుంచి పరుగెత్తేదాన్ని. ఆకుల వెనక ఎవరో చిన్నగా ముడుచుకుని కూర్చుని, నేను దాటిపోయేదాకా చూస్తున్నట్టుండేది. మూడు రోజులు ఓర్చుకుని అమ్మకు చెప్పేశాను. అమ్మకు అప్పుడు ఏడో నెల.

అత్తమ్మ తను చుట్టిన కండెలు పక్క వీధిలో ఇచ్చిరావడానికి వెళ్లినప్పుడు, అమ్మ ఏడు కుండలనూ ఒక్కొక్కటే వెనక తలుపు బయటికి మోసుకెళ్లి చెత్తలో పగలగొట్టింది. తర్వాత తలుపు గడియ వేసి, తలస్నానం చేసింది. అత్తమ్మ వచ్చి, గోడ కింద మిగిలిన గుండ్రటి మచ్చలను చూసింది. రాట్నం ముందు కూర్చుంది. ఆ తర్వాత ఆమె పెదాలు కదలడం నేను చూడలేదు.

తమ్ముడు పుట్టాడు. మరుసటి ఎండాకాలం వాడి తల మీద పెద్ద సెగ్గడ్డ లేచింది. రెండు రోజులు పాలు ముట్టలేదు. రణపాలాకు వెచ్చజేసి కట్టమని పక్కింటి ముసలమ్మ చెప్పింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఏడాదిగా ఎవరూ తియ్యని వెనక తలుపు తీసింది.

చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. అయినా తెగిన ప్రతి ఆకూ ఒక మొక్కై, పెంకుల సందుల్లోంచి నా నడుము ఎత్తున గుబురుగా పెరిగింది. అమ్మ చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. ఇంట్లోకి వెళ్లి అత్తమ్మ ముందు నిలబడింది.

"వదినె, జర నువ్వే తెంపియ్యి. నా చెయ్యి పోతలేదు."

అత్తమ్మ వచ్చి గుబురు ముందు గొంతుక్కూర్చుంది. ఆకులు నిమిరింది.

"చిన్నోనికి గడ్డ లేశింది బిడ్డా. ఒక్క ఆకియ్యి."

అని ఎదురుచూసింది. గాలి లేదు. గుబురు లోపల ఒక కొమ్మ కదిలింది. తొండ కావచ్చు. అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. అప్పుడు అత్తమ్మ ఆకు తెంపింది.

మూడో రోజుకు గడ్డ పగిలి వాడు నిద్రపోయాడు. అమ్మ మళ్లీ ఆ తలుపుకు గడియ వేయలేదు, అటు చూసేదీ కాదు.

రెండేళ్ల తర్వాత అత్తమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఇక లేవదని అందరికీ తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం కాళ్లు పిసుకుతూ అనేశాను.

"అత్తమ్మా, అవ్వకు నేనే చెప్పిన."

"నాకు ఎరుకే" అంది. "చిన్నపిల్లవు, భయపడ్డవ్." నన్ను ఓదార్చడానికే అన్నట్టు మెల్లగా అంది. "మా పిల్ల గూడ శాన భయపడ్డది ఆ దినం, కుండలు పగులంగ."