టైపు మేష్టారి చుక్కలు

టైపు మేష్టారు పోయారన్న సంగతి పెద్దకర్మ కార్డు చూశాక గాని నాకు తెలియలేదు. బందరులో నాలుగు వీధుల అవతలి చావు నాకు అన్నాళ్లకు తెలిసిందంటే, నేను ఎంతమందికి కావలసినవాణ్నో మీరే ఊహించుకోండి. ఆ కార్డులో కూడా తేదీ వెళ్లి ఊరిపేరు మీద ఎక్కింది. ఎక్కడ టైపు చేయించి ఏ ప్రెస్సుకు పట్టుకెళ్లారో! ఆయన ఉంటే దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు.

తొంభైల్లో ఆయన టైపు నేర్పిన మిషన్లు అమ్మేసి, ఆ గదిలోనే డీటీపీ సెంటరు పెట్టారు. వేగడం కష్టమైన మనిషి. పేజీ చేసి ఇచ్చి ఊరుకోరు, ఎదురుగా కూర్చోబెట్టి చదివిస్తారు. "పంపితే చేరినట్టు కాదండీ, అవతల చదివితే చేరినట్టు" అనేవారు. రోజుకు మూడుసార్లు వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

పదకొండేళ్లు సైకిలు తొక్కి దివిసీమ నుంచి బంటుమిల్లి దాకా రైతులూ జాలర్లూ వాడే మాటలు పోగుచేశాను. మాట, అర్థం, విన్న ఊరు అని పేజీకి మూడు నిలువు వరుసలు. "మా ఊరి పేరేస్తారుగా?" అని అడిగి మరీ చెప్పారు చాలామంది. వేస్తానని మాటిచ్చాను. ఆ పుస్తకం టైపు చెయ్యడానికి మేష్టారికే ఇచ్చాను.

ఆ రోజుల్లో ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు ఇంకోదానికి అర్థమయ్యేది కాదు. అచ్చువేసేది గుడివాడలో, అక్కడి సాఫ్ట్‌వేరు వేరు. అక్షరాలు మార్చే ప్రోగ్రాం ఒకటి మేష్టారు సంపాదించారు గాని, అది అక్షరాలను దాటించి వరుసలను మింగేసేది. అందుకని ఆయన ప్రతి గడికీ ముందు ఒక నక్షత్రం గుర్తు కొట్టారు.

"నా పుస్తకానికి ఆటలమ్మ పోసిందేంటండీ మేష్టారూ?" అన్నాను.

"అచ్చులో ఉండవండీ. వరుసలు చెదిరితే ఎక్కడ విడగొట్టాలో ఆ చుక్కలే చెప్తాయి."

"నాకొద్దు. తీసెయ్యండి."

"తీసేస్తాను. కానీ నేనూ గుడివాడ వస్తానండీ. పక్కన కూర్చుని చూస్తాను."

అదీ వద్దన్నాను. ఫ్లాపీ నేనే పట్టుకెళ్లి, ప్రెస్సులో మొదటి పేజీ చూసి, బాగుందని బస్సెక్కాను.

రెండో పేజీ నుంచి ఊళ్ల వరుస ఒక గడి కిందికి జారింది. ప్రెస్సువాళ్లు తోచినట్టు విడగొట్టి అచ్చేశారు. ఆవిష్కరణ సభలో ఒక లెక్చరరు లేచి, "జాలర్ల మాటలన్నీ మొవ్వవాళ్లకిచ్చేశారు. ఈయనగారు సముద్రమే లేని మొవ్వలో ఉప్పుటేరు పారించారండీ!" అన్నాడు. హాలంతా నవ్వింది. పళ్లికిలించినవాళ్లలో ఒక్కడూ ఆ పుస్తకంలో పది పేజీలు చదివినవాడు కాడు. నేను లేచి, వెనక వరుసలో కూర్చున్న మేష్టారిని చూపించి, "తప్పు నాది కాదు, టైపు చేసినాయనది" అన్నాను.



మర్నాడు పొద్దున్నే మేష్టారు తన దగ్గరున్న చుక్కల ప్రింటు పట్టుకుని మా ఇంటికొచ్చారు. "కాపీలు ఎక్కడున్నాయండీ?" అని మాత్రం అడిగారు. కట్టలు విప్పుకుని అరుగు మీద కూర్చుని, ప్రతి పుస్తకంలో ప్రతి పేజీలో తప్పు ఊరు కొట్టేసి, పక్కన సరైన ఊరు రాయడం మొదలుపెట్టారు. అలా ఎన్నాళ్లొచ్చారో! మా ఆవిడే "అన్నయ్యగారూ, కాఫీ" అని బయటికి పట్టుకెళ్లేది. నేను లోపల పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఆ లెక్చరరు తర్వాత నా మాటలన్నీ తన వ్యాసాల్లో వాడుకున్నాడు, సరైన ఊళ్లతో సహా. దిద్దిన కాపీ అతనికీ అందిందన్నమాట. థాంక్స్ చెప్పే అలవాటు మా ఇద్దరికీ లేదు.

మీలో ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉంటే, అందులో నీలం సిరాతో రాసిన ఊళ్లు మేష్టారి చేతిరాత. తప్పు నాది. ఈ మాట ఆ అరుగు మీద చెప్పాల్సింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పేజీ తిప్పబోయి, సిరా ఇంకా తడిగా ఉందని ఆగి, పసిపిల్ల కంట్లో నలక ఊదినట్టు మెల్లిగా ఊదుతూ కూర్చునేవారు.