గాజు గ్లాసులో డ్యూటీ వాసన

మొదటిసారి విస్కీ నోట పెట్టుకున్నప్పుడు అందులో నాకు మా అమ్మ వాసన వచ్చిందని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, రోజూ నాలుగు ముక్కలు రాసుకునే డైరీలో కూడా ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. మొన్న ఘాజియాబాద్‌లో ఆటో దిగుతూ పడి మోకాలు చెక్కుకుపోతే, వీధి చివరి క్లినిక్‌లో కాంపౌండర్ గోధుమరంగు టింక్చర్‌ని దూదితో అద్దాడు. మంట పుట్టేలోపే నాలుక మీద ఆ విస్కీ మెదిలింది. తొలి ఉద్యోగం నిలుస్తుందో లేదోనని బెంగపడుతూ మెట్రోలో నిలబడి వెళ్ళిన నా ఈడు ఆడపిల్లలకి ఇది అర్థమవుతుందన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

గుర్‌గావ్‌లో నేను మొదట చేరిన కంపెనీ విదేశాల నుంచి ఆలివ్ నూనెలు, చాక్లెట్లు తెప్పించి అమ్మేది. వాటి గురించి నాలుగు మంచి వాక్యాలు రాయడం నా పని. పుస్తకాల్లో తల దూర్చుకుని పెరిగిన నాకు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండానే మాటలతో బతకొచ్చని చూపించిన ఉద్యోగం అది. ఇంకా పర్మనెంట్ చెయ్యలేదు, ఆ వారంలో తేలాలి. సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ళు స్కాచ్ విస్కీ కూడా తెప్పించారు. రుచి చూడకుండా రాసేవాళ్ళు నాకక్కర్లేదని, మా పంజాబీ బాసు, తండ్రి వయసు మనిషి, అందరి ముందూ చెప్పేశాడు.

మేమప్పుడు సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు, మా తెలుగు చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. బాప్తిస్మానికి ముందు మేం ఆడపిల్లలందరం మత్తు పానీయాలు ముట్టమని సంఘం ఎదుట చెయ్యెత్తి మాటిచ్చాం, మాతో ఆ మాట పలికించింది అమ్మే. తాగితే ఆ మాట పోతుంది, తాగకపోతే ఉద్యోగం పోతుంది. లంచ్ తర్వాత మీటింగు గదిలోకి వెళ్ళి, తలుపుకి దగ్గరి కుర్చీలో కూర్చున్నాను.

ఒక్కొక్కరి ముందు పొట్టి గాజు గ్లాసులో అడుగున కొంచెం విస్కీ, పక్కన ఒక కాగితం కప్పు పెట్టారు. ఆ కప్పు ఎందుకో తెలియలేదు, అడగడానికి సిగ్గు. స్కాట్లండ్‌లో చిత్తడి నేలల్లోంచి పీట్ అనే మట్టిగడ్డల్ని తవ్వి, ఎండబెట్టి, ఆ పొగలో బార్లీని ఆరబెడతారనీ, ఇది బాగా పొగపట్టిన రకమనీ బాసు చెబుతున్నాడు గానీ నాకు సగం వినపడలేదు. మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చిన్న చిన్న గాజు కప్పుల్లో ద్రాక్షరసం ఇస్తారు. తల వంచి, కళ్ళు మూసుకుని, చుక్క మిగలకుండా ఒక్కసారే పుచ్చుకోవాలి. చిన్న గ్లాసు చేతికొచ్చేసరికి నా ఒంటికి తెలిసిన పద్ధతి అదొక్కటే అయింది. తల వంచాను, కళ్ళు మూశాను, మొత్తం మింగేశాను.

కళ్ళు తెరిచేసరికి అందరూ కాగితం కప్పుల్లో ఉమ్ముతున్నారు.

"ఏందక్కా, తీర్థం తీస్కున్నట్టు తీస్కున్నవ్," అన్నాడు పక్కనున్న సేల్స్ హైదరాబాదీ కుర్రాడు. "అండ్ల ఉమ్మాలె."

గొంతు నుంచి కడుపుదాకా నిప్పు, కళ్ళ నిండా నీళ్ళు. ఒకరు పొగ అన్నారు, ఒకరు తోలు అన్నారు, ఒకరు మాడిన కాఫీ అన్నారు. బాసు నా వైపు తిరిగి, "అచ్ఛా బేటా, మింగింది నువ్వొక్కదానివే, ఏం తెలిసిందో చెప్పు," అన్నాడు. నేను ఖాళీ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ తిప్పాను. బాసు "ఠీక్ హై, వదిలెయ్," అంటూ అవతలివాళ్ళ వైపు తిరగబోయాడు. ఆ "వదిలెయ్"లో నా ఉద్యోగం కూడా ఉందని తెలిసిపోయింది.

"ఆసుపత్రి," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేకపోయాను. డ్రెస్సింగ్ రూమ్, టింక్చర్ అయోడిన్‌లో ముంచిన గాజుగుడ్డ, పక్క వాటాలో ఎవరో ఎండుచేపలు కాలుస్తున్న పొగ, అన్నీ చెప్పేశాను. డ్యూటీ నుంచి వచ్చి గబగబా లోపలికి వెళ్ళిపోయే అమ్మ వెనకాల గదిలో మిగిలిపోయే వాసన అని మాత్రం చెప్పలేదు. బాసు గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇవే మాటలు రేపు రాసుకుని రా," అన్నాడు.

మెట్రోలో సోంపు నములుతూ, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాను. నేను గుమ్మంలో ఉండగానే అమ్మ బెండకాయలు తరగడం ఆపేసింది.

"ఏం తాగావ్?"

"విస్కీ. ఆఫీసు పని."

"మింగావా?"

"మింగాను. ప్రభువు బల్ల దగ్గర తీసుకున్నట్టు తీసుకున్నాను. ఉమ్మాలని తెలీదు."

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "రేపూ తాగాలా?"

"రుచి చూడాలి. ఉమ్మేస్తాను."

"సమాజంలో అడిగితే నేనేం చెప్పను?"

నేను చెప్పులు విప్పి గోడవారగా పెట్టాను. అమ్మే మళ్ళీ, వాసనెలా ఉందని అడిగింది. మీ డ్రెస్సింగ్ రూమ్‌లా ఉందన్నాను.

తర్వాతి ఆదివారం అమ్మ స్త్రీల సమాజం పెద్దరికం వదిలేసుకుంది. కారణం అక్కడ చెప్పలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. నేనిప్పటికీ ఆ కంపెనీలోనే ఉన్నాను, కొత్తగా చేరేవాళ్ళకి కాగితం కప్పు ఎందుకో ముందే చెబుతాను. ఆ క్వార్టర్స్ పడగొట్టేశారు. అమ్మ రిటైరైంది, ఇప్పుడామె దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ రాదు, ఆసుపత్రుల్లో కూడా ఈమధ్య నిమ్మకాయ వాసనలే. ఎంత ఖరీదైన సీసా తెరిచినా ముందు నేను వెతికేది ఆ మొదటి గ్లాసునే, కానీ మా గదిలో మిగిలే ఆ వాసన మళ్ళీ అంత దగ్గరగా రాలేదు. నేను విస్కీ మింగి వచ్చిన ఆ సాయంత్రం అమ్మ తరిగిన ముక్కల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్తూ, నా వైపు చూడకుండా అంది:

"ఆ వాసన నీకు తెలియకూడదనే కదే, డ్యూటీ నుంచి రాగానే స్నానం చేశాకే నిన్ను ఎత్తుకునేదాన్ని."