బట్వాడా కాని వాలెంటైన్ కార్డు

1910 ఫిబ్రవరి పద్నాలుగో తేదీ పొద్దున్న, మా ఊరి పోస్టుమిస్ట్రెస్ హెస్టర్ టక్‌వెల్ తన పేరు మీద వచ్చిన కార్డుకి తనే ముద్ర కొట్టింది. అలవాటు చొప్పున గట్టిగా కొట్టడంతో సిరా చింది కాలర్ మీద పడింది. తుడుచుకుని కార్డు తిప్పి చూసింది. ఎర్రటి గుండెకాయ, దాన్ని మోయలేక మోస్తున్న రెండు పావురాలు, కింద రెండే ముక్కలు: "ఈరోజు నాలుగింటికి వంతెన దగ్గర ఉంటాను. వస్తే ఒప్పుకున్నట్టు."

సంతకం లేదు. వాలెంటైన్ కార్డుకి సంతకం పెట్టడం మాలో మర్యాద కాదు. కానీ ఇరవై రెండేళ్లుగా ఊరందరి దస్తూరీ చూస్తున్న మనిషికి సంతకంతో పనేముంది? బండిచక్రాలు చేసే సైలస్ రాత అది.

పందొమ్మిదో ఏట తండ్రి పోయినప్పటి నుంచి హెస్టర్ ఆ ఇత్తడి కటకటాల వెనకే ఉంది. ఎనిమిదికి తెరవాలి, ఏడుకి మూయాలి. వరసలో ఒక్కరున్నా కదలకూడదు. బయటివాళ్లెవరూ కటకటాల లోపల అడుగు పెట్టకూడదు. ఆ నియమం కన్నతల్లికి కూడా సడలించలేదు.

పోస్ట్‌మాన్ ఏమోస్ అప్పటికే సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఇక కార్డు బట్వాడా మర్నాడే. అందాకా అది టపా సొత్తు. అంచేత హెస్టర్ దాన్ని గూట్లో పెట్టేసింది. ఆ గూడు సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉంది.

పదకొండుకల్లా ఊరంతా చదివేసింది. మధ్యాహ్నానికి వరస వీధిలోకి పాకింది.

"ఎవరే తల్లీ ఆయన?" అంది రొట్టెలు చేసే బెస్సీ, ముక్కు కటకటాల్లో దూర్చి.

"అరపెన్నీ స్టాంపా, పెన్నీదా?"

"అబ్బ, చెప్తే నీ సొమ్మేం పోయింది! మీసాలు నెరిశాయా, నల్లగానే ఉన్నాయా? అదైనా చెప్పు."

"అరపెన్నీదా, పెన్నీదా?"

మూడున్నరకి హెస్టర్ కొక్కేనికున్న టోపీ తీసింది. వరస వంక చూసి మళ్లీ తగిలించింది. నాలుగు కొట్టినప్పుడు కిటికీ ముందు ఉన్నది నేనే. నాకు స్టాంపు అవసరం లేదు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. ఆమె స్టాంపు చింపి ఇస్తూ నా భుజం మీదుగా తలుపు వంక చూసింది. బయట వాన మొదలైంది.

ఆరింటికి సైలస్ వచ్చాడు, టోపీ అంచు నుంచి నీళ్లు కారుతూ. వరస జరిగి దారిచ్చింది.

"రెండు గంటలు వానలో నిలబెట్టావు గదా హెస్టర్! రానంటే రానని ఓ కబురైనా పంపకూడదూ?"

హెస్టర్ గూట్లో కార్డు వంక చూసింది. మా వంక చూసింది. లేచి కటకటాల పక్కనున్న చెక్క తలుపు గడియ తీసింది.

"కార్డు నాకు రేపు గాని అందదు సైలస్, నువ్వు లోపలికి రా."