కెప్టెన్ గారిని రెండున్నర గంటల ముందే లేపిన కథ

నేను ఓడ ఎక్కిన రోజుల్లో ఒంటరితనానికి ఫోను అనే మందు లేదు. ఉత్తరం పోస్టు చేయాలంటే ఒక రేవు రావాలి, జవాబు అందాలంటే ఇంకో రేవు రావాలి. ఈలోగా గోడు చెప్పుకోవడానికి డైరీ ఒక్కటే దిక్కు. ఇప్పుడు జేబులో ఫోనుంది. కానీ నర్సుగా పనిచేసే మా అమ్మాయి పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతే, రిగ్గై పేటలోని ఈ ఫ్లాటులో సాయంత్రం దాకా నాతో మాట్లాడేది ఏసీ ఒక్కటే. అందుకని పాత డైరీలను సంవత్సరాల వారీగా పేరుస్తూ (ఇది మూడోసారి, ఇంతకుముందూ వరుసలోనే ఉన్నాయి) నా ఇరవయ్యో ఏటి వేసవి దగ్గర ఆగాను.

ఆ వేసవిలో శిక్షణ కోసం నేనొక సరుకుల ఓడ ఎక్కాను. మాది కడప వైపు. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్ళంటే మా ఏటికి వచ్చిన వరదే. విశాఖలో బయలుదేరి కువైట్ వెళ్ళి తిరిగి రావాలి. చివర్లో కెప్టెన్ గారు నా శిక్షణ పుస్తకంలో 'ఓడ ఉద్యోగానికి తగినవాడు' అని రాసి సంతకం పెట్టాలి. అది లేకపోతే ఉద్యోగం లేదు. మా నాన్న అప్పటికే వీధిలో అందరికీ నేను కెప్టెన్ అయిపోయానని చెప్పేశాడు.

ఓడ పడమటికి పోయేకొద్దీ గడియారాలను అరగంట చొప్పున వెనక్కి తిప్పుతూ పోవాలి. ఆ పని నాదే. వంటగది నుంచి ఓడ నడిపే బ్రిడ్జి గది దాకా ఒక్కో గడియారం తిప్పి, ఏది ఎన్నింటికి తిప్పానో డైరీలో రాసుకునేవాణ్ణి. నా చేతి వాచీని మాత్రం ముట్టుకోలేదు. ఒంటిగంటన్నరకు మా అమ్మ కంచం ముందు కూర్చుంటుంది. ఆ వేళకు రైలింగు పట్టుకుని నిలబడితే, నడిసముద్రంలో నాకూ ఒక మనిషి తోడున్నట్టుండేది. ఓడలో నలభై మంది ఉన్నా నన్ను పలకరించేవాడు సారంగు మామ ఒక్కడే. డెక్కు కూలీలకు పెద్ద, భీమిలి మనిషి. నన్ను 'డైరీ బాబూ' అనేవాడు.

కువైట్ ముందు లంగరు వేశాం. షువైఖ్ రేవు క్రేన్లు ఎండలో అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నాయి. మమ్మల్ని రేవులోకి తీసుకెళ్ళే పైలట్ రెండింటికి వస్తాడని కబురు. రెండు రోజులుగా కన్ను మూయని కెప్టెన్ గారు "ఒంటిగంటన్నరకు లేపు" అని నాతో చెప్పి పడుకున్నారు. నేను వాచీ చూసుకుంటూ కూర్చుని, సరిగ్గా ఒంటిగంటన్నరకు లేపాను. ఆ తర్వాత సారంగు మామ దగ్గరికి పరిగెత్తి, పైలట్ ఎక్కే తాడు నిచ్చెన దింపమన్నాను.

"ఏటి డైరీ బాబూ, ఇంకా అన్నం గంటే కొట్టలేదు, ఒంటిగంటన్నర ఎలాగయ్యిందండీ?"

"నా వాచీ సెకను కూడా తప్పదు మామా."

"ఆపీసరు అవ్వబోయే బాబు సెప్తే కాదంటామా! రేయ్, దింపండ్రా!"

కెప్టెన్ గారు మెడ దాకా గుండీలు పెట్టుకుని, తెల్ల యూనిఫాంలో, టోపీతో వచ్చి నిలబడ్డారు. పాదాల కింద ఇనుము పెనంలా కాలుతోంది. సముద్రం మీద పైలట్ పడవ కాదు కదా, పక్షి కూడా లేదు.

"టైమెంత?"

"రెండుకు అయిదు నిమిషాలు తక్కువ సార్!"

ఇంకో అయిదు నిమిషాలకు వంటవాడు గంట కొట్టాడు. పదకొండున్నర భోజనాల గంట. అందరి కళ్ళూ నా మణికట్టు మీద పడ్డాయి. సారంగు మామ నిట్టూర్చాడు. "వాచీ మంచిదే బాబూ. అది ఓడ ఎక్కలేదంతే."

కెప్టెన్ గారు మామూలుగా ఇంగ్లీషు మనిషి. కోపం వస్తేనే తెలుగు. "ఇది ఎక్కడి టైమురా?" అన్నారు తెలుగులో.

"మా ఇంటిది సార్."

"ఓడలో అన్నీ తిప్పింది నువ్వే కదా. దీన్నెందుకు తిప్పలేదు?"

మంచి అబద్ధం కోసం వెతికాను, దొరకలేదు. "ఈపాటికి మా అమ్మ అన్నం తినేసి ఉంటుంది సార్" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నారు. "వెళ్ళి నువ్వూ తిను" అన్నారు. అదీ తెలుగులోనే.

విశాఖలో దిగేరోజున పుస్తకం చేతికిచ్చారు. అందులో ఇలా ఉంది: 'పనిలో ఖచ్చితం. ఓడకు తగడు. మనసు ఇంటి దగ్గరే ఉంది. దయచేసి ఒడ్డు మీద ఉద్యోగం ఇవ్వండి.' నా డైరీలో ఆ రోజు పేజీ మీద సిరా అలుక్కుపోయింది. (ఓడ ఊగడం వల్ల అని పక్కనే రాసుకున్నాను. ఓడ అప్పటికి రేవులో కట్టేసి ఉంది.)

కంపెనీ వాళ్ళు ఆయన మాట మన్నించి ఒడ్డు మీదే ఉద్యోగం ఇచ్చారు. అదీ కువైట్‌లో, ఈ రిగ్గైకి దగ్గరే ఉన్న షువైఖ్‌లో, సరుకుల గోదాములో. ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. ఆయన్ను తప్పుపట్టలేను, పాపం నా మేలు కోరే రాశారు. ఏ ఒడ్డు అన్నది మాత్రం రాయలేదు.