అవనిగడ్డ దాకా కూర్చుని వెళ్ళిన సంచి

పోయిన నెల నేను చేసిన ఘనకార్యం వినండి. అక్కావాళ్ళ ఊరికి ఇంకో బస్సు వేయిద్దామని బయల్దేరి, ఉన్న బస్సే ఎక్కువని సాక్ష్యాధారాలతో సహా నిరూపించి వచ్చాను! విలేకరి అనుభవం మరి, ఊరికే పోతుందా?

మా అక్కది మోపిదేవికి ఇవతల, రోడ్డు వార ఊరు. పేరు రాయను, రాస్తే అక్క ఊరుకోదు. అక్క కూతురు పద్మ అవనిగడ్డలో ఇంటర్ చదువుతోంది. కాలేజీ వేళకు అందేది ఒక్కటే బస్సు, బందరులో ఏడింటికి బయల్దేరేది. వాళ్ళ స్టాపుకు వచ్చేసరికి దానికి ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు. డ్రైవరు స్టాపులో ఉన్నవాళ్ళను చూసి, తల అడ్డంగా ఊపి, వెళ్ళిపోతాడు. పిల్లకు ఒక్క నెలలో రెండు పరీక్షలు పోయాయి. మా బావ తేల్చి చెప్పేశాడు. "దసరా సెలవుల దాకా చూస్తాను. బస్సు దొరికితే కాలేజీ, లేదంటే ఇంట్లో కూర్చుని కుట్టుమిషను నేర్చుకుంటుంది."

"మావయ్యా, పేపర్లో రాయొచ్చుగా!" అంది పద్మ.

రాశాను. రెండుసార్లు రాశాను. రెండోసారి బాక్సు కట్టి మరీ వేశారు. డిపో మేనేజరు గారు ఫోన్ చేశారు. మాట తూచి మాట్లాడే మనిషి.

"చూడండి, కిక్కిరిసి వెళ్తున్నామని అన్ని ఊళ్ళవాళ్ళూ చెప్తారు. గురువారం నేనే ఎక్కి చూస్తాను, బందరు బస్టాండుకు మీరూ రండి. ఒక్క సీటు ఖాళీగా కనిపించినా రెండో బస్సు మాట ఎత్తకూడదు."

"సీటా! కాలు పెట్టడానికే చోటుండదు సార్" అన్నాను ధీమాగా.

గురువారం ఆరూ నలభైకల్లా బందరు బస్టాండులో ఉన్నాను. బస్సు ప్లాట్‌ఫారం మీదకు రావడం, కిటికీల్లోంచి తువ్వాళ్ళు, కర్చీఫులు, టిఫిన్ క్యారియర్లు లోపల పడడం ఒకేసారి జరిగాయి. నేనేం తక్కువా? ఒక సీట్లోకి కర్చీఫ్ విసిరాను, నాకోసం. పక్క సీట్లోకి సంచి పడేశాను, మేనేజరు గారి కోసం. అంత పెద్ద ఆఫీసరు నిలబడితే ఏం బావుంటుంది! ఆయన నిలబడడమే మాకు కావలసిందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

ఆరూ యాభై ఐదు. బస్సు నిండిపోయింది. మేనేజరు గారి జాడ లేదు. నా పక్కనే ఒక మామ్మగారు రాడ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. పెడన నుంచి చీరల మూట తెచ్చి అవనిగడ్డలో అమ్ముకుంటారట.

"మామ్మగారూ, ఈ రెండు సీట్లూ కాస్త చూస్తుంటారా? ఒక్క ఫోన్ చేసి వచ్చేస్తాను."

"వెళ్ళిరా నాయనా. ఎవరినీ కూర్చోనివ్వను."

నిలబడి ఉన్న పెద్దావిడకు సీటు ఇవ్వాల్సింది పోయి, సీటుకు కాపలా పెట్టి దిగాను. గమనించండి.

బస్టాండు బయట ఎస్టీడీ బూత్ నుంచి మేనేజరు గారింటికి ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తారు. "ఆయన ఐదున్నరకే జీపులో వెళ్ళారండీ. చల్లపల్లిలో బస్సెక్కుతారట."

"బందరులో కలుద్దామని నాతో చెప్పారండీ!"

"మీతో కావాలనే అలా చెప్పారటండీ. అసలు సంగతి చెప్తే మీరు జనాన్ని పోగేసి ఎక్కిస్తారని."

నా నిజాయితీ మీద వచ్చిన ఈ అనుమానానికి నొచ్చుకుంటూ ఉండగానే "రైట్... రైట్!" అని వినిపించింది. బయటికి వచ్చి చూస్తే బస్సు వెనక అద్దం కనిపించింది. ఆ తర్వాత దుమ్ము కనిపించింది.

మా ఫొటోగ్రాఫర్‌ని నిద్ర లేపి, అతని స్కూటరు పుచ్చుకుని బస్సు వెంట పడ్డాను. స్కూటరు దారిలో రెండుసార్లు ఆగింది. అవనిగడ్డ బస్టాండు చేరేసరికి తొమ్మిది.

బెంచీ మీద మామ్మగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నా సంచి. సంచి మీద నాలుగు మడతలు పెట్టిన నా కర్చీఫ్. పక్కన టీ గ్లాసుతో మేనేజరు గారు. ఇద్దరికీ వాదన జరుగుతోంది.

"అమ్మా, నేను డిపో మేనేజర్ని. బస్సులో మిగిలిపోయిన సామాను మా ఆఫీసులో ఇవ్వాలి."

"అయితే అయ్యావులే బాబూ. సంచి నీదా?"

"కాదు."

"మరి నీకెందుకిస్తాను?" అంటూనే నన్ను చూశారావిడ. "ఇదిగో వచ్చాడు! ఏమయ్యా, ఒక్క ఫోన్ అన్నావు. ఏ దేశానికి చేశావు?"

మేనేజరు గారు నన్ను చూశారు, సంచిని చూశారు. "ఇది మీదా?"

"నాదేనండి."

"కర్చీఫూ?"

"అదీ నాదేనండి."

ఆయన డైరీ తీసి నా ముందు పెట్టారు. 'చల్లపల్లి నుంచి అవనిగడ్డ వరకు రెండు సీట్లు ఖాళీ.' కింద గీత కూడా గీశారు.

"అవి ఖాళీ కాదు సార్, ఆపి ఉంచినవి."

"ఎవరికోసం?"

"ఒకటి మీకోసం."

ఆయన టీ తాగడం ఆపేశారు. సరిగ్గా అప్పుడే, అదే బస్సులో వచ్చిన పద్మ నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మావయ్యా! ఇవాళ బస్సు ఆగింది! డ్రైవరు బ్రేకేసి, రామ్మా అని పిలిచాడు!"

"అంటే ఆ స్టాపులో ఆగుతోందన్నమాట" అంటూ మేనేజరు గారు అదీ రాసుకున్నారు. పద్మ కాలేజీ చదువు నా కళ్ళ ముందే రెండు వాక్యాల్లో ముగిసిపోతోంది.

అప్పుడు మామ్మగారు నవ్వారు. "ఎందుకాగదు? బండిలో నువ్వుంటివి గదా బాబూ! నువ్వు ఎక్కగానే డ్రైవరు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, నేను చూళ్ళేదూ? నువ్వు లేని రోజు చూడు, ఆగుతుందేమో."

"నేను లేకుండా నేనెలా చూడనమ్మా?"

"లుంగీ కట్టుకుని రా."

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకుని అడిగారు. "సరే, రెండు సీట్లు ఎదురుగా ఉంటే దారంతా ఎందుకు నిలబడ్డారు? కూర్చోవచ్చుగా?"

"వస్తానని చెప్పి వెళ్ళాడు గదా. నేను కూర్చుంటే వచ్చాక ఆ మనిషి నిలబడాలిగా?"

నేను చెప్పుల వైపు చూసుకున్నాను. మేనేజరు గారు డైరీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. పేజీ చింపేస్తారనుకున్నాను. చింపే రకం కాదాయన. కింద ఇంకో వాక్యం రాశారు. 'ఈ తనిఖీ చెల్లదు. మళ్ళీ చేయాలి.'

"ఏ రోజు వస్తానో చెప్పను. మీరు మాత్రం రావద్దు" అన్నారు నాతో.

"రాను సార్."

"సంచి కూడా."

మరుసటి వారం పద్మ ఫోన్ చేసింది. "మావయ్యా, ఇవాళ బస్సు ఆగలేదు! కండక్టరు పక్కన లుంగీతో నిలబడి ఉన్నాయన, మీ మేనేజరు గారే! ఆయనకు కాలు కదపడానికి లేదు. కిటికీలోంచి నన్ను చూశారు!" బస్సు తప్పిపోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

దసరా సెలవులకు ముందే చల్లపల్లి నుంచి రెండో బస్సు పడింది. మొదటి రోజు పద్మను మా బావే స్టాపులో ఎక్కించాడట. మిషను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం మా పేపరు డెస్కు నుంచి ఫోన్. "కొత్త బస్సు వార్తకు 'మా వార్తకు స్పందన' అని హెడ్డింగు పెడుతున్నాం. సరేనా?" ఎక్కడ ఏ మంచి జరిగినా మా వాళ్ళు పెట్టేది అదే. సిగ్గుపడుతూనే సరేనన్నాను.

ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. ఆ వార్త కత్తిరించి గోడకు అంటించింది పద్మ. హెడ్డింగులో 'మా వార్తకు' అన్నది ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన 'మావయ్య రాకపోవడానికి' అని దిద్దింది.

రెండుసార్లు చదివాను. మార్చాల్సిందేమీ కనిపించలేదు.